డీ డ్రైవ్ ఇంకా పోలేదు తమ్ముడూ, ముందు ఆ సిస్టమ్ ఆపు

ముందు ఆ సిస్టమ్ ఆపి ప్లగ్ తీసెయ్. షట్‌డౌన్ చేసేటప్పుడు అప్‌డేట్లు ఎక్కిస్తానంటే ఒప్పుకోకు. మిగతాది ఫోన్లో చదువుకోవచ్చు.

నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. గుణుపూర్‌లో నాన్నగారి డీటీపీ షాపు, అంటే కంప్యూటర్ మీద శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే షాపు. ఎక్స్‌పీ ఉన్న పాత సిస్టమ్, ఐడీఈ అనే పాత రకం కనెక్టర్ ఉన్న 80 జీబీ డిస్కు. అందులో సీ 20, డీ 60 అని రెండు భాగాలు, వాటినే పార్టిషన్లు అంటాం. కరెంటు పోయి వచ్చాక విండోస్ రాలేదు. తెలిసిన కుర్రాడెవరో వచ్చి, పార్టిషన్లు రెండూ తీసేసి, మొత్తం ఒకే డ్రైవ్ చేసి, విండోస్ 7 ఎక్కించి వెళ్లాడు. డీలో పదిహేనేళ్ల శుభలేఖలు, ఒడియా కరపత్రాలు, ట్యాలీ లెక్కలు, నాన్నగారు తీసిన పాత ఫొటోలు ఉన్నాయి. నువ్వు మూడు రోజులుగా అదే సిస్టమ్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్ దించుకుని స్కాన్ పెడుతున్నావు. కొన్ని వందల ఫైళ్లు దొరికితే డెస్క్‌టాప్ మీదే సేవ్ చేశావు. తెరిచి చూస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. 'అన్నీ కరప్ట్ అయిపోయినట్టేనా అన్నయ్యా' అని అడిగావు.

అయి ఉండవు. పర్లాకిమిడిలో 1999 నుంచి నాది ఇదే పని. డీటీపీ షాపుల డిస్కులు ఎన్ని చూశానో లెక్కలేదు. ఆ పిచ్చి అక్షరాల సంగతి తర్వాత చెప్తాను, అందులోనే నీకు మంచి కబురు ఉంది. ముందు డిస్కు సంగతి.

పెళ్లి భోజనాల్లో బంతి లేవడం చూశావుగా. మనిషి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతాడు, విస్తరి అక్కడే ఉంటుంది. దాన్ని తీసి తర్వాతి బంతికి కొత్త విస్తరి వేసేదాకా అందులో మిగిలింది మిగిలినట్టే ఉంటుంది. డిస్కులో డిలీట్ కొట్టడమంటే అంతే, మనిషి లేవడం. విండోస్ డిస్కులో ఫైళ్లు సర్దుకునే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్, అందులో ఆ ఫైలు తాలూకు రికార్డు మీద 'ఇక వాడకంలో లేదు' అని ఒక గుర్తు పడుతుంది. అంతకు ముందున్న ఫ్యాట్ పద్ధతి డిస్కుల్లో అయితే పేరులో మొదటి అక్షరం చెరిపి వేరే గుర్తు పెట్టేది. డాస్ రోజుల్లో అన్‌డిలీట్ కొడితే 'మొదటి అక్షరం ఏమిటి' అని మననే అడిగేది అందుకే. రెండింట్లోనూ అసలు సరుకు కదలదు. దాని మీద కొత్తది రాసినప్పుడే పోతుంది.

నీ డిస్కులో ఆ కొత్త బంతి కూర్చుంటోంది. మూడు రోజుల నుంచి వడ్డిస్తోంది నువ్వే. దించుకున్న సాఫ్ట్‌వేర్ ఒక విస్తరి, బ్రౌజర్ దాచుకున్నది ఒక విస్తరి, డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన ఆ వందల ఫైళ్లు మరో వంద. పోయిన ఫైలుని పోయిన డిస్కులోకే తిరిగి రాయడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు. నేనూ చేశాను. షాపు పెట్టిన కొత్తల్లో ఒక బియ్యం మిల్లు వాళ్ల లెక్కలు అలాగే సగం తెచ్చి, తెచ్చిన సగంతోనే మిగతా సగాన్ని తుడిచేశాను. మిల్లాయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మా షాపు గడప మాత్రం తొక్కలేదు. ఇంకోటి, విండోస్ 7 మామూలుగా ప్రతి బుధవారం రాత్రి ఒంటిగంటకి తనంతట తనే డీఫ్రాగ్ మొదలుపెట్టేలా వస్తుంది, అంటే ఫైళ్లని అటూ ఇటూ జరిపి సర్దుతుంది. రాత్రి స్కాన్ పెట్టి సిస్టమ్ వదిలేసి పడుకున్నానన్నావు చూడు, అందుకే నాకు టెన్షన్.

అయినా నీ కేసులో ఆశ ఎందుకుందో చెప్తాను. పాత సీ డిస్కు మొదట్లో 20 జీబీ, డీ దాని తర్వాత. కొత్త విండోస్ తన సామాను చాలామటుకు డిస్కు మొదటి భాగంలోనే పరుచుకుంటుంది, అంటే పాత సీ మీద. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక మామూలుగా పార్టిషన్ మొదలైన చోటు నుంచి 3 జీబీ లోపలికి ఉంటుంది. కొత్త పట్టిక డిస్కు మొదటి నుంచి 3 జీబీ దగ్గర పడి ఉంటుంది. నీ డీ తాలూకు పాత పట్టిక 23 జీబీ దగ్గర ఉండాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడలేదు. అదే సీ కోసం అడిగి ఉంటే నేను ఇంత ధైర్యంగా మాట్లాడేవాణ్ణి కాదు. మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి చాలామటుకు మర్చిపో. డీ మీద మాత్రం మంచి ఆశే ఉంది.

ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అడుగు, ఫార్మాట్ ఎంతసేపు పట్టిందని. విండోస్ డీవీడీలోంచి కొట్టి, క్షణాల్లో అయిపోయిందంటే అది క్విక్ ఫార్మాట్, గండం లేదు. విండోస్ లోపలికి వెళ్లాక మళ్లీ ఫుల్ ఫార్మాట్ పెట్టి అరగంట కూర్చున్నానంటే వేరే కథ. ఎక్స్‌పీలో ఫుల్ ఫార్మాట్ అంటే డిస్కుని చదివి చెడిపోయిన సెక్టార్లు, అంటే డిస్కులోని చిన్న చిన్న గళ్లు, చూసుకోవడమే. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి అది డిస్కంతా సున్నాలు రాస్తుంది. సున్నాలు రాసిన చోట నుంచి నేనే కాదు, ఎవరూ ఏమీ తేలేరు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. డిస్కు బయటికి తియ్యి. సీపీయూ పక్క మూత విప్పితే వెడల్పాటి బూడిదరంగు రిబ్బన్ కేబుల్ కనిపిస్తుంది. ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. మామూలుగా ఆ గీత డిస్కు పవర్ పిన్నుల వైపు ఉంటుంది, ఊడదీసే ముందు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో. కేబుల్ పట్టుకుని లాగకు, కనెక్టర్‌ని రెండు చివర్లా పట్టుకుని అటు కొంచెం ఇటు కొంచెం కదుపుతూ తియ్యి. పదిహేనేళ్లు కదలని కనెక్టర్ అది, ఒక వైపు నుంచే లాగితే పిన్నులు వంగుతాయి. వంగినా భయపడకు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను మొన విప్పి, ఆ సన్నటి గొట్టాన్ని పిన్నుకి తొడిగి మెల్లగా నిలబెడితే లేస్తుంది. ఒక్కసారే. రెండోసారి వంచితే విరిగి చేతిలోకి వస్తుంది.

తీశాక యూఎస్‌బీకి ఐడీఈ కలిపే అడాప్టర్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దానికి విడిగా పవర్ అడాప్టర్ ఇచ్చేదే కొను. పెద్ద డిస్కు మోటార్‌కి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీలో వచ్చేది 5 మాత్రమే. డిస్కు వెనక పిన్నులకి తొడిగిన చిన్న ప్లాస్టిక్ ముక్క, జంపర్ అంటారు, దాన్ని మాస్టర్ దగ్గర పెట్టు, బొమ్మ డిస్కు మీద స్టిక్కర్ పైనే ఉంటుంది. స్లేవ్‌లో ఉంటే కొన్ని అడాప్టర్లు డిస్కుని చూడనే చూడవు. 'డిస్కు చచ్చిపోయిందన్నా' అంటూ నా దగ్గరికి వచ్చినవాటిలో జంపర్ మార్చగానే లేచి కూర్చున్నవి చాలా ఉన్నాయి.

పవర్ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుని విను. సన్నగా గుయ్‌మని తిరిగి ఒక స్థాయిలో నిలబడితే ఆరోగ్యంగా ఉన్నట్టు. టిక్, టిక్, టిక్ అని ఒకే తాళంలో కొట్టుకుంటుంటే వెంటనే పవర్ తీసెయ్. అది లోపల డేటా చదివే హెడ్డు తన చోటు దొరక్క వెతుక్కుంటున్న చప్పుడు. ఆన్ చేసిన ప్రతిసారీ ప్లేటు మీద ఇంకో గీత పడొచ్చు. అలాంటి డిస్కు నా పని కాదు, నీ పని అసలే కాదు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో క్లీన్ రూమ్, అంటే దుమ్ము చొరబడని గది, ఉన్న ల్యాబ్‌కి పంపాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, దొరక్కపోతే ఎంత తీసుకుంటారో ముందే రాయించుకో. మూత విప్పి చూద్దామని, ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందట అని చెప్పేవాళ్ల మాట వినకు. మన గాలిలో ఉన్న తేమకి ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కు చెమట పడుతుంది. గ్లాసు నీళ్లు బయట పెడితే ఏమవుతుందో అదే, డిస్కు లోపల అవుతుంది.

చప్పుడు మామూలుగా ఉందనుకుందాం. అప్పుడు కూడా ఫైళ్లు వెతకడం మొదలుపెట్టకు. ముందు మొత్తం డిస్కుని సెక్టార్ సెక్టార్‌గా ఒక ఇమేజ్ ఫైలుగా కాపీ తియ్యి. ఆ తర్వాత ఏం చేసినా ఆ కాపీ మీదే. నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకో. కాపీ మీద పదిసార్లు తప్పు చెయ్యొచ్చు, అసలు డిస్కు మీద ఒక్కసారి కూడా కుదరదు.

ఇందుకు నేను వాడేది గ్నూ డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టక్కర్లేదు, విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ ఏదైనా పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి ఎక్కించుకోవచ్చు. లినక్స్ అంటే బెదిరిపోకు, నాలుగు కమాండ్లు, అంతే. దీని గొప్పేమిటంటే, చదవలేని సెక్టార్ వస్తే అక్కడే తల బాదుకోదు. దాటేసి ముందు మంచి భాగమంతా తెచ్చి, ఆఖర్న మళ్లీ చెడ్డ చోట్లకి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి రానక్కర్లేదు, ఆగినచోట నుంచే అందుకుంటుంది. మన వైపు కరెంటుకి ఇంతకన్నా ఏం కావాలి. అయినా డిస్కు అడాప్టర్‌ని యూపీఎస్ మీదే పెట్టు.

రెండు జాగ్రత్తలు. ఎక్కడి నుంచి, ఎక్కడికి అనేవి తారుమారైతే ఖాళీ డిస్కుని తెచ్చి నిండు డిస్కు మీద రాసేస్తుంది, అడగదు. కాబట్టి సైజు, సీరియల్ నంబరు చూసి, పక్కన ఇంకొకరి చేత చదివించుకుని ఎంటర్ కొట్టు. రెండోది, ఇమేజ్ పెట్టే ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్ 32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకో. ఇదంతా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి. యూఎస్‌బీ 2.0లో సెకనుకి 25 ఎంబీ వచ్చినా 80 జీబీ గంట లోపు అయిపోతుంది. అదే యూఎస్‌బీ 1.1 ఉన్న పాత సిస్టమ్ మీద అయితే సెకనుకి ఒక ఎంబీ లెక్కన 22 గంటలు.

ఇమేజ్ చేతికి వచ్చాక పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్. అదీ ఉచితమే. నల్ల తెర మీద అక్షరాలు తప్ప ఏమీ కనిపించవు, అయినా నీ కేసుకి దాన్ని మించింది లేదు. డీపర్ సెర్చ్ పెడితే, డిస్కు మీద పాత పార్టిషన్లు ఎక్కడ మొదలయ్యాయో వాటి బూట్ సెక్టార్ల, అంటే ఒక్కో పార్టిషన్ మొదట ఉండే సెక్టార్ల, గుర్తులు పట్టుకుని చూపిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్‌కి ఒక నకలు పార్టిషన్ చివర కూడా దాచుకుంటుంది, మొదటిది చెడితే అది పనికొస్తుంది. నీకు చివరిది పోయి ఉండొచ్చు, ఎందుకంటే కొత్త డ్రైవ్ కూడా అదే చివరన ముగిసింది. మొదటిది 20 జీబీ దగ్గర క్షేమంగా ఉండాలి. 60 జీబీ పార్టిషన్ ఒకటి కనిపించగానే దాని మీదికి వెళ్లి పీ నొక్కు. ఫోల్డర్లు పాత పేర్లతో బారులు తీరి కనిపిస్తే నాన్నగారిని పిలిచి చూపించు. ఫోల్డర్లు ఎంచుకుని వేరే డిస్కులోకి కాపీ చేసుకో. 'రైట్' అనే ఆప్షన్ ఊరిస్తుంది, నొక్కకు. మనకి పార్టిషన్ బాగుపడక్కర్లేదు, ఫైళ్లు బయటపడితే చాలు.

టెస్ట్‌డిస్క్‌కి పట్టిక దొరక్కపోతేనే ఫొటోరెక్ దగ్గరికి వెళ్లాలి. అది పట్టికలు చూడదు. డిస్కంతా తడుముకుంటూ, ఇక్కడ జేపెగ్ మొదలవుతోంది, ఇక్కడ వర్డ్ ఫైలు మొదలవుతోంది అని ఫైలు తలకాయ చూసి గుర్తుపడుతుంది. ఫొటోలకి బాగా పనిచేస్తుంది. నాన్నగారు తీసిన చిన్న రైలు ఫొటోలు అన్నావు కదా. నౌపడ నుంచి గుణుపూర్ దాకా నడిచిన ఆ న్యారోగేజి బండి 2004లో ఆగిపోయింది, వాటిని మళ్లీ తీయడం ఎవరి తరమూ కాదు. వాటి కోసం టెస్ట్‌డిస్క్ పనిచేసినా సరే, ఫొటోరెక్ కూడా ఒకసారి నడిపించు. కాకపోతే పేర్లు రావు, ఫోల్డర్లు రావు. అంకెల పేర్లతో వేల ఫైళ్లు కుప్పగా పడతాయి, నువ్వు కూర్చుని ఏరుకోవాలి. ట్యాలీకి మాత్రం ఫొటోరెక్ పనికిరాదు. ట్యాలీలో ఒక్కో కంపెనీకి 10000, 10001 లాంటి అంకెల పేరుతో ఒక ఫోల్డర్, అందులో బోలెడు ఫైళ్లు ఉంటాయి. అవి ఆ పేర్లతో, ఆ ఫోల్డర్లో ఉంటేనే తెరుచుకుంటుంది. టెస్ట్‌డిస్క్‌లో ముందు ఆ అంకెల ఫోల్డర్ కోసమే వెతుకు.

ఇక ఆ పిచ్చి అక్షరాలు. నువ్వు తెరిచిన ఫైళ్లు వర్డ్‌వి అన్నావు. ఒక ఫైలు తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, పైన ఫాంట్ పేరు చూపించే గడిలో ఏముందో చూడు. అక్కడ డీటీపీ షాపులు వాడే పాత తరం అను ఫాంట్ పేరో ఆకృతి ఫాంట్ పేరో కనిపిస్తే ఫైలు భేషుగ్గా ఉన్నట్టే. ఫాంట్ లేదు, అంతే.

ప్రతి భాష అక్షరానికీ విడిగా ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ రాకముందు తెలుగు ఫాంట్లన్నీ ఒక కిటుకు మీద నడిచేవి. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు గుణింతాలు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టేవాళ్లు. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు గడి నంబరే, తెర మీద దాన్ని తెలుగుగా చూపించేది ఫాంట్. కొత్త విండోస్ ఎక్కించినప్పుడు పాత సీలోని ఫాంట్లు పోయాయి, అందుకే నీ శుభలేఖలన్నీ పిచ్చి గీతలయ్యాయి. ఒడియా కరపత్రాలదీ అదే గొడవ. నిజంగా చెడిన ఫైలు ఇలా ఉండదు. తెరుచుకోనంటుంది, లేదా సగం దాకా వచ్చి చతికిలబడుతుంది. పేరాలు, మాటల మధ్య ఖాళీలు, లైన్లు అన్నీ పద్ధతిగా ఉండి అక్షరాలు మాత్రం అర్థం కాకపోతే నూటికి తొంభై పాళ్లు ఫాంటే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుక తెలుగు కోసం ఆయన అంత పోరాడితే, మనం తెలుగులో కొట్టిన శుభలేఖ చదవడానికి ఒక పాత సీడీ కోసం అటకలు వెతుక్కుంటున్నాం.

ఇలాంటి కేసే ఒకటి నా చేతిలోనే చెడింది. కొన్నేళ్ల కిందట ఒకాయన ఇలాగే 'కరప్ట్ అయిపోయాయి, పనికిరావు' అని నాలుగు వేల ఫైళ్లు డిలీట్ చేయించుకుని వెళ్లాడు. చేసింది నేనే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు అవి, సిస్టమ్‌లో ఫాంట్లు లేవు. నేను ఫాంట్ గడి చూడలేదు. నెల తర్వాత ఆ సంగతి తట్టింది. అప్పటికి ఆ డిస్కు మీద కొత్త సినిమాలు ఎక్కేశాయి.

కాబట్టి వెతకాల్సింది ఫైళ్లనే కాదు, వాటిని తెరిచే సామానుని కూడా. అను సీడీ, ఆకృతి సీడీ, పేజ్‌మేకర్ సీడీ ఇంట్లో ఎక్కడున్నాయో చూడు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. సీడీ పోతే కొత్తది ఏ షాపులోనూ కొనలేవు. సీడీ దొరికితే ముందు దాన్నే కాపీ తియ్యి, తరవాత వాడు. గుణుపూర్‌లోనో రాయగడలోనో అదే సాఫ్ట్‌వేర్ వాడే ఇంకో డీటీపీ షాపు ఉంటే, ఈ ఫైలు ఒకటి పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి వాళ్ల సిస్టమ్ మీద తెరిచి చూడు. అయిదు నిమిషాల్లో అనుమానం తీరిపోతుంది.

అన్నట్టు, డిస్కుతో కుస్తీ పట్టేటప్పుడు జనం మర్చిపోయే సంగతి ఒకటుంది. నాన్నగారు బరంపురం ఆఫ్‌సెట్ ప్రెస్‌కి పంపిన ఫైళ్లు మెయిల్‌లో సెంట్ డబ్బాలో ఉంటాయి. ప్రూఫ్ కోసం వాట్సాప్‌లో పంపిన శుభలేఖ బొమ్మలు నాన్నగారి ఫోన్లోనో పార్టీ ఫోన్లోనో ఉంటాయి. ట్యాలీ చూసే అకౌంటెంట్ దగ్గర కిందటేడు తీసుకెళ్లిన బ్యాకప్ ఉండొచ్చు. డిస్కు ఎటూ పోదు, ముందు ఒక పూట కూర్చుని ఇవి పోగుచెయ్యి. వచ్చినంత వస్తుంది, నీకూ కాస్త నిబ్బరంగా ఉంటుంది.

ఆ కుర్రాణ్ణి తిట్టకు గానీ, ఇకమీదట ఎవరు ఫార్మాట్ అన్నా ముందు లినక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి డీలోవి బయటికి తీసుకోవాలి. కరెంటు పోయి విండోస్ రాలేదంటే చాలాసార్లు చెడింది ఒకటో రెండో సిస్టమ్ ఫైళ్లే. ఒక్కోసారి అదీ కాదు, మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయి, సిస్టమ్‌ని మొదట లేపే బయోస్ డిస్కు సెట్టింగ్ మర్చిపోతుంది. వంద రూపాయల లోపు పని. ఆ బ్యాటరీతో ఇంకో తంటా ఉంది. అది చచ్చిన సిస్టమ్‌లో తేదీ ఎప్పుడో 2002కి వెనక్కి వెళ్లిపోతుంది. 'కొత్త ఫైళ్లు మాత్రమే కాపీ చెయ్యి' అని బ్యాకప్ పెట్టుకుంటే, ఈ రోజు చేసిన ఫైలు 2002 నాటిదనుకుని వదిలేస్తుంది. ఆరు నెలలు బ్యాకప్ తీసుకుంటున్నామనుకున్న ఒక షాపులో ఆఖరుకి ఒక్క కొత్త ఫైలూ లేదు.

బ్యాకప్ గురించీ అడిగావు, చెప్తాను. మీ షాపుకి పెద్ద హంగామా వద్దు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొను. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. ప్రతి శనివారం షాపు కట్టేసేటప్పుడు కాపీ తీసి, రెండూ మార్చుకోండి. కాపీ అవ్వగానే డిస్కు ఊడదీసెయ్యాలి. తగిలించి ఉంచిన డిస్కుకి పిడుగైనా వైరస్ అయినా సిస్టమ్‌తో పాటే తగులుతుంది. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట అని పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. షాపు సిస్టమ్‌తో కలిపి మీకు మూడు కాపీలు అవుతాయి.

వేరే చోట అన్నది ఎందుకంటానంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నా బ్యాకప్ డిస్కు ఉంది. భేషుగ్గా ఉంది. సీపీయూ పెట్టిన బల్ల కింద సొరుగులో ఉంది. తెల్లారి షట్టర్ ఎత్తేసరికి బల్ల సగం దాకా బురద నీళ్లు. సొరుగు లాగితే రాలేదు, చెక్క ఉబ్బిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పెకలించి తీస్తే డిస్కు మూల నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. పదేళ్ల పాటు ఊరందరికీ బ్యాకప్ తీసుకోమని చెప్పినవాణ్ణి. అప్పుడు ఇంకో తప్పు కూడా చేశాను, డిస్కుని ఎండలో ఆరబెట్టాను. తడిసిన డిస్కుని ఆరబెట్టకూడదు, పవర్ ఇవ్వకూడదు. ఆరితే బురద ప్లేటుకి అతుక్కుపోతుంది. తడిగానే కవర్లో మూసి ల్యాబ్‌కి పంపాలి. ఆ తర్వాత కొన్నది మా చెల్లెలి ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటుంది.

పెన్ డ్రైవ్ మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. 2005లో రాసిన సీడీలు అటక మీద ఉంటే ఈ వేసవిలోపు డిస్కులోకి ఎక్కించెయ్, మన వేడికీ తేమకీ వాటి మీద రంగు పొర నిలవదు. క్లౌడ్ మంచిదే. గూగుల్ ఖాతాకి 15 జీబీ ఊరికే ఇస్తారు, శుభలేఖల ఫైళ్లకి చాలు. కానీ ఆ సిస్టమ్‌లో మళ్లీ ఎక్స్‌పీ ఎక్కించుకుంటే దాని బ్రౌజర్‌తో ఇప్పటి వెబ్‌సైట్లు సరిగ్గా తెరుచుకోవు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ చెయ్యి వదిలేసింది 2014 ఏప్రిల్ 8న. అందుకే ల్యాప్‌టాప్ నుంచే ఎక్కించాలి, రాత్రిపూట పెట్టి వదిలెయ్. కాపీకి మిర్రర్ అనే ఆప్షన్ వాడితే మాత్రం కళ్లు తెరుచుకుని వాడు. ఇక్కడ పోయిన ఫైలుని అక్కడ కూడా తుడిచెయ్యడమే దాని పని. ఖాళీ ఫోల్డర్‌ని మిర్రర్ చేసి రెండు చోట్లా ఖాళీ చేసుకున్నవాళ్లని చూశాను.

ఇంకొకటి, ఇది డీటీపీ వాళ్లకే. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ పక్కన ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టమని నాన్నగారితో చెప్పు, ఫాంట్ అందులో ఇమిడ్చి. ఫాంట్లు లేని సిస్టమ్ మీద కూడా మ్యాటర్ కనీసం చదవడానికి ఉంటుంది, కావాలంటే మళ్లీ కంపోజ్ చేసుకోవచ్చు. ఫాంట్ల ఫోల్డర్, సీడీల కాపీలు, వాటి సీరియల్ నంబర్లు రాసిన కాగితం ఫొటో, ఇవన్నీ శుభలేఖల పక్కనే బ్యాకప్‌లో ఉండాలి. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు తీసి ల్యాప్‌టాప్ మీద తెరిచి చూడండి. తెరుచుకుని, తెలుగు తెలుగులా కనిపిస్తేనే లెక్క.

ఇదంతా మీ వల్ల కాదనిపిస్తే ఆదివారం డిస్కు తీసుకుని రైలెక్కి మా ఊరు వచ్చెయ్, ఇమేజ్ నేను తీస్తాను. కొత్త డిస్కులకి వచ్చే బూడిదరంగు కవర్ ఉంటే అందులో, లేకపోతే పేపర్లో చుట్టి, పైన తువ్వాలు చుట్టు. సంచిలో అడుగున కాదు, ఒళ్లో పెట్టుకో. ఇమేజ్ పట్టడానికి కనీసం 200 జీబీ ఖాళీ ఉన్న ఎక్స్‌టర్నల్ ఒకటి కావాలి. నాన్నగారు ఆ పాత సీడీల పెట్టె ఎక్కడో అటక మీద పెట్టే ఉంటారు, అది కూడా దింపించి తీసుకురా.